జల్లెడ మూసిన కన్ను

అఫ్జల్‌గంజ్ బస్టాపు దగ్గర అత్తరు అమ్మేవాడు ఎవరి చెయ్యి దొరికితే ఆ చెయ్యి పట్టుకుంటాడు. దూది చుట్టిన పుల్లతో మణికట్టు మీద ఒక గీత గీసి, "కొనకపోయినా పర్లేదు సాబ్, వాసన చూడండి" అంటాడు. అప్పుడు చెయ్యి వెనక్కి లాక్కునేవాడు ఈ ఊళ్ళో మర్యాద తెలియనివాడి కింద లెక్క.

వెంకటనారాయణ మర్యాదస్థుడు. చెయ్యి చాపాడు. వాసన చూశాడు. బాగుందన్నట్టు తల కూడా ఊపాడు. రోడ్డు సగం దాటేసరికి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అవతలి పక్క తోపుడు బండి మీద జామకాయలు అమ్ముతున్నవాడు తక్కెడ వదిలేసి పరుగెత్తాడు. ఆ మాసిన లుంగీ, మూడు రోజుల గడ్డం వెనక ఉన్నది ఏజెంట్ భరద్వాజ్. కంచన్‌బాగ్ ల్యాబ్ ఇంజనీరు వెంకటనారాయణ కలవడానికి వస్తున్నది అతన్నే. అప్పటికే జనం మూగారు. ఫిట్స్ అనుకుని ఎవరో పుణ్యాత్ముడు పడిపోయినవాడి గుప్పెట్లో తాళాల గుత్తి పెట్టాడు.

"వెంకటనారాయణ గారూ! ఎవరు?"

"జల్లెడ..." నురగలోంచి మాట కష్టంగా వచ్చింది. "జల్లెడ ఒక కన్ను మూయించారు..."

అంతే. తాళాల గుత్తి రోడ్డు మీద పడింది. భరద్వాజ్ తలెత్తి చూశాడు. అత్తరు పెట్టె గోడవారగా ఉంది, దాని మీద నెరిసిన గడ్డం ఒకటి ఉంది. గడ్డం పెట్టుకున్న మనిషి మాత్రం లేడు.

*

భరద్వాజ్ పనిచేసే గూఢచారి విభాగం ఆఫీసు వైకుంఠం హోల్‌సేల్ మిరప గోదాము పై అంతస్తులో ఉంది. నాలుగు తరాలుగా ఇక్కడే వ్యాపారం చేస్తున్న కుటుంబం కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇంకో సౌకర్యం కూడా ఉంది. కింద ఎవరు ఏడ్చినా వీధిలోవాళ్ళు మిరప ఘాటనే అనుకుంటారు.

చీఫ్ వీరరాఘవరావు భీమవరం మనిషి. చావు కబురు విని, చేతిలో కాఫీ పూర్తి చేసి, కప్పు పక్కన పెట్టాడు.

"కూర్చోవయ్యా. ఈ సాయంత్రం ఐదింటికి తీరంలో 'ముసురు' క్షిపణి పరీక్ష. దాని ప్రోగ్రాం రాసింది కంచన్‌బాగ్‌లో మన ల్యాబ్. పాయింటర్ అంటే ఏమిటో తెలుసా నీకు?"

"సగం తెలుసు సార్."

"పాయింటర్ అంటే అడ్రసు. కంప్యూటర్ మెమరీలో ఫలానా సంగతి ఫలానా చోట ఉందని చెప్పే అడ్రసు. ఇంట్లోవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయినా అడ్రసు చీటీ నీ జేబులోనే ఉంటుంది. అది పట్టుకుని వెళ్ళి తలుపు కొడితే, ఇప్పుడు అందులో ఎవడుంటే వాడు తీస్తాడు. క్షిపణి పైకి లేచాక 'శత్రువు ఎక్కడ?' అని ఒక అడ్రసులో అడుగుతుంది. ఆ ఇల్లు ఖాళీ చేయించి, అందులో మన లాంచ్ బంకర్ ఉన్న చోటును కూర్చోబెట్టారనుకో. క్షిపణి వెనక్కి తిరిగి వచ్చి బంకర్ మీదే పడుతుంది."

"అలాంటివి పట్టుకోవడానికేగా జల్లెడ?"

"అదే. ప్రోగ్రాంను నడపకుండానే లైను లైనూ చదివి, ఖాళీ ఇంటి తలుపు కొట్టిన చోటల్లా కేకేస్తుంది. ఒక్కోసారి ఊరికే కూడా కేకేస్తుందిట. అప్పుడు ఇంజనీరు ఆ లైను పైన 'ఇక్కడ ఆగు' అని రాసి, కారణం రాసి, తన పేరు పెడితే నోరు మూసుకుంటుంది. అలా మూయించినవి ఏళ్ళ తరబడి వేలల్లో పోగయ్యాయి. వాటిలో ఒకటి దొంగది. అది బ్లాక్ లాంతర్ అనే విదేశీ గూఢచారుల ముఠా పని."

"అన్ని నోళ్ళూ తెరిపించి మళ్ళీ ఆడిస్తే?"

"రేపు తెల్లారేదాకా పడుతుందట. పరీక్ష ఆపమని అడిగాను. లైను నంబరు చెబితే ఆపుతామంది ఢిల్లీ. చచ్చినవాడు అన్న మాట మీద ఆపరట."

భరద్వాజ్ కుర్చీలోంచి లేచాడు. "బంకర్‌లో మా చెల్లెలుంది సార్. స్రవ్య. వాళ్ళ ఫోన్లు పొద్దున్నే తీసేసుకుంటారు. చెప్పడానికి కూడా కుదరదు."

"తెలుసు. అందుకే ఈ పని నీకిచ్చాను. ఇంకొకడైతే మధ్యలో భోజనానికి ఆగుతాడు."

భరద్వాజ్‌కు ఆ క్షణంలో చీఫ్ పీక నులిమేయాలనిపించింది. ముసలాడు ఆ సంగతి గమనించి కూడా ఫైలు తిరగేస్తూ కూర్చున్నాడు.

"ల్యాబ్‌లో లాస్య నీకు సాయం చేస్తుంది. ఒక్కటి గుర్తుంచుకో. శాలిబండలో గడియారాల దుకాణం సీతారాంను నువ్వు ఎత్తుకొచ్చిన సంగతి నీకూ, నాకూ, వైకుంఠానికీ తప్ప ఎవరికీ తెలియదు. బ్లాక్ లాంతర్‌కు వార్తలు చేరవేసే వాళ్ళ పోస్టాఫీసు ఇంకా నడుస్తున్నట్టే లెక్క. లాస్యకు కూడా చెప్పకు."

సీతారాం ఇప్పుడు గోదాము వెనక గదిలో, ముందు పళ్ళు లేకుండా ఉన్నాడు. అతని దుకాణం మాత్రం రోజూ తెరుస్తున్నారు. లోపలి గదిలో వెదురు చిక్ తెర వెనక కూర్చుని, అతని గొంతుతో జవాబులిస్తున్నది గోదాము యజమాని వైకుంఠం. ముప్ఫై ఏళ్ళు మిరప దుమ్ము పీల్చిన గొంతది. ఎవరి బొంగురైనా పలుకుతుంది.

*

కంచన్‌బాగ్ ల్యాబ్ గేటు దగ్గర భరద్వాజ్ ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ఖాకీ ప్యాంటు, ఛాతీ మీద బ్యాడ్జి, కళ్ళద్దాల డొప్పలో కెమెరా.

లాస్య కారిడార్లో ఎదురైంది. మెరూన్ పట్టుచీర కట్టుకుని మిషన్ల మధ్య నడుస్తుంటే మిషన్లే పక్కకు తప్పుకునేలా ఉంటుంది. విభాగం ఆమెను బ్లాక్ లాంతర్‌లోకి పంపింది. వాళ్ళేమో ఆమెను తమ మనిషనుకుని ఈ ల్యాబ్‌లోకి పంపారు. శాలిబండ కంసాలి ఇంటి పిల్లనని చెప్పుకుంటుంది. ఆ యాస వింటే ఎవరైనా నమ్మాల్సిందే. భరద్వాజ్ యాసను మాత్రమే కాదు, ఆమెను కూడా నమ్మాడు. ఏడాదిగా ఆమె వంట తింటున్నాడు.

"గిట్ల వస్తవనుకోలే," అంది నవ్వుతూ. దవడ కింద ఎర్రగా కందింది. గోక్కుని పైటతో కప్పుకుంది. "ఇగో, లాగ్ చూడు. మొన్న ఒకడు జల్లెడ నోరు మూయించిండు. ఏ లైనో చెరిపేసిన్రు. పేరు మాత్రం ఉన్నది."

తెర మీద పేరును భరద్వాజ్ రెండుసార్లు చదివాడు. ఈశ్వరయ్య. ల్యాబ్ సీనియర్ ఇంజనీరు. శాలిబండలో భరద్వాజ్ వాళ్ళ పక్కింటి ఈశ్వరయ్య కాక. స్రవ్యకు లెక్కలు చెప్పి, పరీక్షలు రాయించి, ఈ ఉద్యోగం దాకా నడిపించిన మనిషి.

"కాకనా? నమ్మబుద్ధి అయితలేదు."

"నాకూ గట్లనే ఉండె. ఏం జేస్తం? మనుషులు మారుతరు," అంది లాస్య.

ఈశ్వరయ్య దొంగ బ్యాడ్జిని ఒక్క చూపుతో పక్కన పెట్టి, "అరే, నువ్వు మన బాలమ్మ కొడుకువి గాదురా! ఫైర్ సేఫ్టీల ఎప్పుడు చేరినవ్?" అన్నాడు సంబరంగా. ఒకసారి బయటికి రావాలనగానే చెప్పులేసుకుని వ్యాను ఎక్కాడు. దారి పొడుగునా స్రవ్య గురించే. "ఇయ్యాల పిల్ల బంకర్ల ఉన్నది. నాకు పొద్దుగాల నుంచి ముద్ద దిగలే, ఖుషీకి."

*

గోదాములో బస్తాల మధ్య కుర్చీకి కట్టేసినప్పుడు కూడా ఆయన అది ఏదో పొరపాటనే అనుకున్నాడు.

"ఏ లైను కాకా?"

"ఏ లైనురా?"

భరద్వాజ్ గడియారం చూసుకున్నాడు. ఐదింటికి ఇంకా ఎక్కువ సమయం లేదు. ఆయన కుడిచెయ్యి తీసుకుని చూపుడువేలు వెనక్కి విరిచాడు. చిన్న చప్పుడే అయింది. ఆ వేలితోనే ఒకప్పుడు తమ పలక మీద భిన్నాలు దిద్దించాడని గుర్తొచ్చింది. గుర్తొచ్చినా చెయ్యి ఆగలేదు. రెండో వేలు కూడా విరిచాడు. తన మీద తనకు అసహ్యం వేసింది. ఆ అసహ్యాన్ని కూడా కాక మీదే కోపంగా మార్చుకున్నాడు.

"నీకు దండం పెడత బిడ్డా!" ఈశ్వరయ్య మిరప ఘాటుకు ఉక్కిరిబిక్కిరవుతూ అరిచాడు. "జల్లెడ జోలికి నేనెందుకు పోత? నేను గా పని పరసోం చేసిన! మల్ల దాని దిక్కు చూడలే!"

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పైన స్పీకర్లో వింటున్న చీఫ్ దిగి వచ్చాడు. వెనకే ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ల్యాబ్ నుంచి వ్యాను వెంటే వచ్చిన లాస్య.

"విన్నావుగా?" అన్నాడు వీరరాఘవరావు. "పరసోం అంటే మొన్న. లాగ్‌లో తారీఖూ మొన్నటిదే. ఒప్పేసుకున్నాడు."

లాస్య తలూపింది. "అవును సార్. పరసోం అంటే మొన్ననే కదా. తన నోటితోనే చెప్పిండు. ఇంక లొల్లి ఎందుకు?"

భరద్వాజ్‌కు తగిలింది చీఫ్ మాట కాదు, ఆమె మాట.

చీఫ్ ఉర్దూను బదిలీ మీద వచ్చాక మాస్టారిని పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆయన లెక్కలో పరసోం అంటే రెండు రోజులే. అది ఆయన తప్పు కాదు. కానీ శాలిబండ గల్లీల్లో పెరిగిన పిల్లకు? ఈ ఊళ్ళో పరసోం అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, నిజాం జమానా కూడా కావచ్చు. 'పరసోం తిన్న బిర్యానీ' అంటే అది ఏ ఏడు తిన్నాడో అల్లాకే తెలియాలి. ఇక్కడ పుట్టినవాళ్ళెవరూ ఆ మాటను వేళ్ళ మీద లెక్కపెట్టరు. లాస్య లెక్కపెట్టింది, సరిగ్గా లెక్కపెట్టింది. దవడ కింద ఎర్రగా కందినది గడ్డం అతికించిన జిగురు వల్లనేనని కూడా అప్పుడే తట్టింది.

ఈశ్వరయ్య తల ఎత్తాడు. "అట్ల గాదు సారూ, పరసోం అంటే గది..."

లాస్య ముందు ఆ అర్థం బయటపడకముందే భరద్వాజ్ లాగి ఆయన నోటి మీద కొట్టాడు. మాట ఆగిపోయింది. పెదవి చిట్లి రక్తం కారింది. ముసలాయన నిర్ఘాంతపోయి, చంటిపిల్లాడిలా అతనివైపే చూస్తుండిపోయాడు. ఆ చూపు తట్టుకోవడం కంటే పిడికిలి దెబ్బ తినడం తేలిక.

"మీరు పైకి వెళ్ళండి సార్. లైను నేను కక్కిస్తాను," అన్నాడు భరద్వాజ్.

కొద్దిసేపట్లో అతను చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. మొహంలో గెలుపు పూసుకున్నాడు.

"దొరికింది సార్. వెంకటనారాయణ నిన్ననే ఆ లైను పట్టి ఈశ్వరయ్యకు చూపెట్టాడట. ఆయన భయపడి దాచాడు. ల్యాబ్‌కు చెప్పేశాను, సరిచేస్తున్నారు."

లాస్య మొహంలో రంగు మారలేదు. అంత పనితనం ఉంది ఆమెలో. చీర కుచ్చిళ్ళు మాత్రం ఒకసారి సవరించుకుంది. "హమ్మయ్య! నేను ల్యాబ్‌కు పోయి ఒకసారి చూసొస్త. వేరేటోళ్ళ మీద ఇడిస్తే మంచిగుండదు."

"పో. జాగ్రత్త," అన్నాడు భరద్వాజ్, ఎప్పుడూ అనే గొంతుతోనే.

ఆమె మెట్లు దిగేదాకా ఆగి, ఏం రాబట్టాలో వైకుంఠానికి ఫోన్లో చెప్పి, చీఫ్‌కు నాలుగు ముక్కల్లో చెప్పాడు. వీరరాఘవరావు కనుబొమలు ముడిచాడు. "మా మాస్టారు రెండు రోజులనే చెప్పాడే!"

"ఆయన ఏ ఊరు సార్?"

"లక్నో."

*

వ్యాను చార్మినార్ దారి తప్పించుకుని కంచన్‌బాగ్ వైపు దూసుకుపోతోంది. వెనక సీట్లో ఈశ్వరయ్య, కుడిచేతికి భరద్వాజ్ చింపి కట్టిన లుంగీ గుడ్డ.

"కాకా, పరసోం అంటే ఎప్పుడు?"

"కరోనాల బిడ్డా. అందరం ఇండ్లల్ల కూసున్నమే, గప్పుడు." కాసేపాగి, "గీ మాట వేలు ఇరవకముందు అడిగితే చెప్తుంటి గదరా," అన్నాడు.

భరద్వాజ్‌కు ఏడుపొచ్చింది. స్టీరింగు మీద చేతులు బిగించి, చెవిలో ఉన్న రిసీవర్ మీద ధ్యాస పెట్టాడు. బటానీ గింజంత ఉంటుంది అది. సీతారాం దుకాణంలో గోడ గడియారం లోపల దాని జంట ఉంది.

రిసీవర్లో టిక్కు టిక్కుమని డజన్ల గడియారాలు. తర్వాత గాజుల చప్పుడు. లాస్య నేరుగా అక్కడికే వెళ్ళింది. ఖాళీ అయిన ఇంటి తలుపు కొట్టింది.

"మా తాత గడియారం ఆగిపోయింది."

చిక్ వెనక నుంచి బొంగురు గొంతు జవాబిచ్చింది. "గడియారం ఆగది. తాతే ఆగుతడు."

కోడ్ కలిసింది. లాస్య ఊపిరి వదలడం వినిపించింది. ఆ తర్వాత వచ్చిన గొంతులో శాలిబండ లేదు, అసలు ఏ ఊరూ లేదు. పుస్తకంలోంచి చదువుతున్నట్టున్న తెలుగు. "పైవాళ్ళకు చెప్పండి. పని బయటపడింది. వెంకటనారాయణ ముందే లైను చూపించాడు. నన్ను ఈ సాయంత్రమే దేశం దాటించాలి."

"తప్పెవరిది?"

"నాది కాదు! పొద్దున అతన్ని నా చేతులతో ముగించాను."

"వాళ్ళకు దొరికింది మన లైనేనా, వేరేదా? గది తెల్వకుండ పైకి ఏమని చెప్పాలె?"

గడియారాల టిక్కు టిక్కు. వ్యాను ముందు ఒక మేకల మంద అడ్డం వచ్చింది. భరద్వాజ్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆమె అనుమానపడితే అంతా అయిపోయినట్టే. స్రవ్య ఇప్పుడు బంకర్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాక నేర్పిన లెక్కలు వేస్తూ ఉంటుంది.

"టార్గెట్ ట్రాక్ ఫైలు," అంది లాస్య. "లైను ఎనిమిది వందల పన్నెండు."

*

ల్యాబ్ సిస్టం తాళం సీనియర్ ఇంజనీరు పాస్‌వర్డ్‌తో తప్ప తెరుచుకోదు. లాస్య దొంగిలించి వాడుకున్నదీ ఈశ్వరయ్యదే. ఆయన ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. గోడ మీద తెరలో తీరం నుంచి కౌంట్‌డౌన్ దిగుతోంది. ఎనిమిది వందల పన్నెండు. దాని పైన 'ఇక్కడ ఆగు. కారణం: పరీక్షించాను, క్షేమం. ఈశ్వరయ్య.'

"నేను గిట్ల రాయనే రాయ," అని గొణిగి ఆ వాక్యం చెరిపేశాడు. ఆ ఒక్క ఫైలును జల్లెడలో పోశాడు.

ఒక ఊపిరి తీసుకునేంతలో తెర ఎర్రబడింది. 'ఖాళీ చేసిన చోటును మళ్ళీ వాడుతున్నారు' అని జల్లెడ కేకేసింది.

"ఢిల్లీ! లైను నంబరు చెబుతున్నా, రాసుకోండి!" భరద్వాజ్ ఫోన్లో అరిచాడు. తెర మీద అంకెలు ఇంకా దిగుతూనే ఉన్నాయి. తొమ్మిది. ఎనిమిది. అవతల ఎవరో 'ఒక్క నిమిషం' అన్నారు. భరద్వాజ్ నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు. నాలుగు. మూడు దగ్గర అంకె ఆగిపోయింది. 'హోల్డ్' అని పడింది.

ఈశ్వరయ్య కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. భరద్వాజ్ కింద కూర్చుని ఆయన మోకాళ్ళు పట్టుకున్నాడు. "కాకా, నన్ను మాఫ్ చెయ్యి."

"పిల్ల బతికింది. గదే చాలు," అన్నాడు ఈశ్వరయ్య. చెయ్యి మాత్రం అతని తల మీద పెట్టలేదు.

*

పొద్దు వాలకముందే భరద్వాజ్ శాలిబండ చేరాడు. చిక్ ఎత్తి ఉంది. లాస్య స్టూలు మీద కూర్చుంది. కాళ్ళూ చేతులూ కట్టలేదు. వీరరాఘవరావు సీతారాం వైర్‌లెస్ పెట్టెకు మూత పెడుతున్నాడు.

"వచ్చావా? సీతారాం కోడ్‌లో బ్లాక్ లాంతర్‌కు ఇప్పుడే వార్త పంపాను. 'లాస్య లైను నంబరు విభాగానికి చెప్పేసింది' అని. అబద్ధం ఏమీ లేదులే."

లాస్య మొహం పాలిపోయింది. "నన్ను అరెస్టు చేయండి సార్."

"ఎందుకమ్మా? ఏ కేసు మీద? వెళ్ళు. నువ్వు ఫ్రీ."

"బయట వాళ్ళు ఉంటారు! జైల్లో పెట్టండి, ఉరి తీయండి, మీ ఇష్టం. భరద్వాజ్, నువ్వైనా చెప్పు!" ఆమె అతని చొక్కా పట్టుకుంది. ఏడాది పాటు తను తిన్న అన్నం వాసన ఆ చేతులకు ఇంకా ఉన్నట్టే అనిపించింది అతనికి. జాలి కూడా కలిగింది. కానీ కంటికి కాక వేళ్ళు కనిపించాయి, గుప్పెట్లో తాళాలతో పోయిన వెంకటనారాయణ కనిపించాడు. చొక్కా విడిపించుకున్నాడు.

"శాలిబండ బిడ్డవి కదా," అన్నాడు. "నీ గల్లీలనే నీకు భయమేంది?"

వైకుంఠం దుకాణం షట్టరు పైకెత్తి పట్టుకున్నాడు. ఆమె గడప దాటేదాకా ముగ్గురూ మర్యాదగా నిలబడ్డారు.

నడుమ ఒక్క రోజు గడిచింది. మర్నాడు పొద్దున అఫ్జల్‌గంజ్ దగ్గర, మూసీ ఒడ్డున ఒక మెరూన్ పట్టుచీర శవం చుట్టూ జనం మూగారు. కాసేపటికి ఇన్‌స్పెక్టర్ సాయికుమార్ ఒక ఫోటో పట్టుకుని బండి బండి దగ్గరా ఆగుతూ జామకాయలవాడి దాకా వచ్చాడు.

"ఈమెను ఎప్పుడన్నా చూసినవా?"

"చూసిన సార్."

"ఎప్పుడు?"

"పరసోం," అన్నాడు భరద్వాజ్, అక్షరాలా నిజం చెబుతూ.

సాయికుమార్ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. "గట్లనా, పాత ముచ్చటన్నట్టు," అని ఫోటో జేబులో పెట్టుకుని, ఒక దోర కాయ ఏరుకుని, పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయాడు.